మగ్గాల వీధికి నిద్ర పట్టించిన వైనం

పలకరింపులో ఒక్కో వీధిది ఒక్కో పద్ధతి. మా ఎర్రబండలో బజారువీధి వాళ్ళు ఎదురుపడితే బేరాలెట్లా ఉన్నాయని అడుగుతారు. ఆఫీసర్స్ కాలనీ వాళ్ళు ఏమీ అడగరు, తల కొంచెం ఆడించి కారెక్కుతారు. మగ్గాల వీధిలో మాత్రం తెల్లారి ఎవరు కనబడినా "పట్టినారా?" అంటారు. "పట్టినాం" అంటే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని, పిల్లలకు స్నానాలు అవుతాయని. "యాడ పట్టినాం, కన్ను మూతబడె" అంటే ఆ చెప్పినామె కాసేపట్లో బిందె తీసుకుని మనింటికి వస్తుందని. ఏం పట్టారు అని ఆ వీధిలో పుట్టినవాడెవడూ అడగడు. అక్కడ పట్టడానికి ఉన్నవి నీళ్ళే. మునిసిపల్ కొళాయి రాత్రి రెండింటికి వస్తుంది, నాలుగు దాకా సన్నగా కారుతుంది, ఆ తర్వాత గాలి ఊదుతుంది.

వీధికి మగ్గాల పేరు మిగిలింది గానీ మగ్గాలు పోయి చాలా కాలమైంది. ఆడవాళ్ళు హైవే పక్కన గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతారు. ఏడింటికి బస్సు వచ్చి వీధి మొదట్లో హారన్ కొడుతుంది. అందుకని వాళ్ళకు నీళ్ళు పట్టిన తర్వాత పడుకోవడానికి వేళ ఉండదు, నీళ్ళు రాకముందు పడుకోవడానికి ధైర్యం ఉండదు.

నేను ఆ మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంట్ని, పేరు తిరుపాలు. నాకు కోపం వస్తే అరవను, ఇంకాస్త మర్యాదగా మాట్లాడతాను. ఆఫీసు ఉద్యోగం నేర్పిన విద్య అది. ఇక్కడ రాస్తున్నదంతా చాలా మర్యాదగా రాస్తున్నాను.

మా కమిషనర్ హేమాద్రి గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవారు. మంచివారు. ఎవరేం చెప్పినా చివరిదాకా వింటారు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క అనారోగ్యం శిక్షణ తరగతులు. ఏ తరగతికి వెళ్ళి వస్తే ఆ గాలి నాలుగు నెలలు మా ఆఫీసులో వీస్తుంది. ఒకసారి చిరునవ్వు మీద శిక్షణకు వెళ్ళి వచ్చారు, ఇంటిపన్ను నోటీసులు నవ్వుతూ ఇవ్వమన్నారు. ఇచ్చిన బిల్ కలెక్టర్‌ను బజారువీధిలో కొట్టారు.

ఈసారి వెళ్ళింది నిద్ర మీద. బెంగుళూరు అవతల ఏదో రిసార్టులో "గాఢ నిద్ర – గట్టి పాలన" అని శిక్షణ పెట్టారట. బాగా నిద్రపోయే పౌరుడు పన్ను సకాలంలో కడతాడని అక్కడ బొమ్మలు వేసి చూపించారట. సారు శనివారం తిరిగొచ్చారు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు వింటున్నారు. ఆయన పక్కన నేను, నా పక్కన నీళ్ళ విభాగం చూసే ఏఈ ఫణికుమార్.

అప్పుడొచ్చింది చౌడేశ్వరి. మగ్గాల వీధి మనిషే. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు, అత్త మంచాన ఉంది. కుడిచేతి చూపుడువేలికి గుడ్డకట్టు ఉంది. నిలబడ్డచోటే కొంచెం ఊగుతోంది.

"సార్, రాత్రిళ్ళు పట్టేది శానా కష్టంగా ఉండాది సార్. మా వీదంతా ఇదే బాద," అంది.

హేమాద్రి గారు పెన్ను కింద పెట్టారు. "పట్టడం లేదా అమ్మా?"

"యాడ పడతాది సార్? రెప్ప మూస్తే పాయె. రెండింటికి లేసి కూసుంటాం."

"రోజూ రెండింటికేనా?"

"దినామూ సార్. దానికి ముందు పండుకుందామంటే యాడ తప్పిపోతాదో అని గుండె కొట్టుకుంటా ఉంటాది. నాలుగైనాక పండుకునేది ఏముంది?"

సారు కళ్ళు మెరిశాయి. రిసార్టులో బొమ్మ వేసి చూపించిన రోగి ప్రాణం పోసుకుని ఎదురుగా నిలబడింది. "ముందస్తు ఆందోళన," అని నాతో నెమ్మదిగా అన్నారు. "సరిగ్గా మా మాన్యువల్లో ఉన్నట్టే చెబుతోంది."

"టైము మారిస్తే సాలు సార్," అంది చౌడేశ్వరి. "మొన్న మిషన్ మీద తూగితే సూది ఏల్లోకి దిగె. ఇంగొకసారి తూగితే రావద్దన్నాడు సార్ మా సూపర్‌వైజర్. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. టైమొకటి మార్చి పున్యం కట్టుకోండి."

"టైమే కీలకం తల్లీ. శరీరానికీ ఒక గడియారం ఉంటుంది. నువ్వు నిశ్చింతగా వెళ్ళు. ఇది నీ ఒక్కదాని సమస్య కాదు, ఈ పట్టణ సమస్య. నేను స్వయంగా చేపడతాను."

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వెళ్ళబోతూ నా వైపు వంగి మెల్లగా, "మంచి సారు అన్నా. అంతా ఇన్యాడు," అంది. నిజమే, అంతా విన్నారు. ఆమె అనని మాట ఒక్కటి మిగిలిపోయింది, నీళ్ళు. మగ్గాల వీధిలో ఆ మాట ఎవరూ అనరు.

"సార్, ఆమె చెప్పింది..." అని నేను మొదలుపెట్టేలోపు ఫణికుమార్ నా మోకాలు నొక్కాడు. నీళ్ళ అర్జీ ఆరోగ్య విభాగానికి వెళ్ళిపోతోందని గ్రహించిన మనిషి అతను. అతని మొహంలో జ్వరం దిగినవాడి కళ వచ్చింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో నాకు మసాలాదోసె ఇప్పించాడు కూడా.

వారం తిరగకముందే "సంపూర్ణ సుఖనిద్రా మిషన్" పుట్టింది. సారు మా అందరినీ కూర్చోబెట్టి ప్రసంగించారు. "నిద్ర అనేది ఇంతకాలం అసంఘటిత రంగంలో ఉండిపోయింది. ఎవరికి తోచినప్పుడు వారు నిద్రపోతున్నారు. పర్యవేక్షణ లేదు, లక్ష్యాలు లేవు, సమీక్ష లేదు. ఈ అరాచకానికి ఇక స్వస్తి పలకాలి," అన్నారు. తర్వాత ఒక సర్క్యులర్ చెప్పి రాయించారు. పురపాలక పరిధిలోని సమస్త పౌరులు రాత్రి పది గంటలకు విధిగా నిద్రించవలెననీ, నిద్ర రాని యెడల రాకపోవుటకు గల కారణములను లిఖితపూర్వకముగా తెలియజేయవలెననీ, ముందస్తు అనుమతి లేకుండా మేలుకొని ఉండుట తీవ్రముగా పరిగణింపబడుననీ అందులో ఉంది. ఆఫీసర్స్ కాలనీకి మినహాయింపు ఇచ్చారు. అధికారులు నిద్రపోతారన్న సంగతి ప్రభుత్వానికి ఇదివరకే తెలుసు.

అవగాహన కోసం చెత్తబండ్లను వాడుకున్నారు. రాత్రి పది కాగానే ఆటోలు మైకులు పెట్టుకుని సందుసందుకూ తిరిగి "ప్రజలారా, ప్రశాంతంగా నిద్రపోండి, ఎడమవైపు తిరిగి పడుకోండి, ఊపిరి నెమ్మదిగా వదలండి" అని అరిచేవి. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. వాళ్ళ ఏడుపుకు కుక్కలు లేచేవి. ఎర్రబండలో పదిన్నరకు అంత సందడి అంతకుముందు తేరు నాడు కూడా చూడలేదు.

అమలు బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌వలి మీద పడింది. అతని కింద పనిచేసేవాళ్ళకు నిద్రమిత్రలు అని పేరు పెట్టి ఆకుపచ్చ కోట్లు ఇచ్చారు. మస్తాన్‌వలి అమాయకుడు, అడగకూడని ప్రశ్న అడిగాడు.

"సార్, నిద్రపోతాండారో లేదో మాకెట్ల తెలిసేది?"

"తలుపు తట్టి అడగండి."

"నిద్రపోయేటోడు జవాబెట్ల చెప్తాడు సార్?"

సారు మాన్యువల్ తెరిచారు. "దాన్ని స్వీయ ధ్రువీకరణ అంటారు. పౌరుడి మాటను ప్రభుత్వం నమ్మాలి. నిద్రపోతున్నానని అంటే నిద్రపోతున్నట్టే."

ఆ లెక్కన మొదటి వారంలోనే ఊరు దాదాపు మొత్తం నిద్రపోయింది. తలుపు తట్టగానే లోపలినుంచి "నిద్రపోతాండాం పోన్నా" అని కేక వచ్చేది, నిద్రమిత్ర టిక్కు పెట్టుకుని పక్కింటికి పోయేవాడు. చిక్కంతా నిజంగా నిద్రపోయినవాళ్ళతో వచ్చింది. వాళ్ళు పలకలేదు. పలకని ఇంటిని "సహకరించని గృహం"గా నమోదు చేసి నోటీసు అంటించారు. బజారువీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన జన్మంతా తొమ్మిదింటికే పడుకునే మనిషి. రెండు నోటీసులు అందుకున్నాక, రోజూ అరుగు మీద కుర్చీ వేసుకుని నిద్రమిత్ర కోసం ఎదురుచూసి, అతను రాగానే "నిద్రపోతున్నానయ్యా" అని చెప్పి, అప్పుడు లోపలికి వెళ్ళి మేలుకుని పడుకునేవాడు.

మగ్గాల వీధి మాత్రం లొంగలేదు. పదింటికి అందరూ నిద్రపోతున్నామని చెప్పారు గానీ, రెండింటికి రెండో తనిఖీకి వెళ్ళిన నిద్రమిత్రలకు వీధి వీధంతా లైట్లు వేసుకుని కనబడింది. ఆడవాళ్ళు గడపల్లో కూర్చుని ఉన్నారు, ముసలివాళ్ళు కొళాయి దగ్గర ఉన్నారు, పిల్లలు బిందెల వరసకు కాపలా ఉన్నారు. మస్తాన్‌వలి ఉన్నదున్నట్టు చెప్పాడు, బిందెలతో సహా. సారు బిందెల్ని పక్కన పెట్టి "సామూహిక నిద్రలేమి" అని పేరు పెట్టారు. మాన్యువల్లో లేని జబ్బు మన ఊళ్ళో దొరికినందుకు కొంచెం గర్వపడ్డారు కూడా.

తర్వాతి ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి వీధి ఆడవాళ్ళనందరినీ పాత సొసైటీ హాల్లో కూర్చోబెట్టి సారే స్వయంగా పాఠం చెప్పారు. బాగా చెప్పారు. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చమన్నారు, ఏడు అంకెలు బిగబట్టమన్నారు. కాలి బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అవయవానికీ "నువ్వు విశ్రాంతి తీసుకో" అని చెప్పమన్నారు. పాలల్లో చిటికెడు జాజికాయ పొడి వేసుకోమన్నారు. రేపటి గురించి ఆలోచించవద్దన్నారు. సగం మంది గోడకు ఆనుకుని వింటూనే తూగుతున్నారు. సారు దాన్ని బోధన ఫలితం అనుకున్నారు.

"అన్నిటికన్నా ముఖ్యమైనది పాదస్నానం. పడుకోబోయే ముందు మనిషికి ఒక బకెట్ గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి," అన్నారు.

హాల్లో తూగుతున్నవాళ్ళందరికీ మెలకువ వచ్చింది.

"మనిసికి ఒక బక్కెట్టా సార్?" అని ఎవరో అడిగారు.

చౌడేశ్వరి లేచి నిలబడింది. "సార్, నీళ్ళే గదా సార్ మా బాద. రాత్రి రెండుకు ఇడుస్తారు. అది పొద్దున పెట్టమనే గదా నేను మీతాన మొత్తుకునింది."

ఇంత తేటగా చెప్పాక ఇక తప్పించుకునే దారి లేదనుకున్నాను. నాకు సారు సంగతి ఇంకా తెలియలేదు.

"నీటి అవసరాన్ని మీరే గుర్తించడం శుభపరిణామం," అన్నారాయన. "ఫణికుమార్ గారూ, పాదస్నానానికి అదనపు సరఫరా ఇవ్వగలరా?"

"తప్పకుండా సార్. రెండు నుంచి నాలుగు ఇస్తున్నాం, ఐదు దాకా పొడిగిస్తాను," అన్నాడు ఫణికుమార్, చేతులు కట్టుకుని.

ఆ రోజు నుంచి మగ్గాల వీధి ఇంకో గంట మేలుకుంది. కాళ్ళు పెట్టుకునే నీళ్ళ కోసం లేచి కూర్చోవడం, లేచినందుకు పాడైన నిద్రను బాగుచేసుకోవడానికి కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవడం. కాళ్ళు పెట్టారో లేదో చూడడానికి నిద్రమిత్రలు సాయంత్రం పూట పాదాలు తడిమేవాళ్ళు. తెలివైన వాళ్ళు గుమ్మం దగ్గర ఒక చెంబు ఉంచుకుని, ఆకుపచ్చ కోటు కనబడగానే కాళ్ళ మీద చల్లుకునేవాళ్ళు.

నాకు మర్యాద మరీ ఎక్కువైపోతుంటే ఒక సాయంత్రం సారు గదిలోకి వెళ్ళాను. "సార్, చౌడేశ్వరి మొదట వచ్చింది నీళ్ళ గురించే. 'పట్టడం' అంటే ఆ వీధిలో నీళ్ళు పట్టడం. సరఫరా వేళ మారిస్తే వాళ్ళకు మనం నేర్పకుండానే నిద్ర పడుతుంది," అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. కుర్చీ చూపించారు. "తిరుపాలు గారూ, ఎవరికైనా తన జబ్బుకు కారణం తనకు తెలుసనే అనిపిస్తుంది. అది లక్షణం. మూలకారణం మనం చెప్పాలి. అయినా మీరన్నారు కాబట్టి కనుక్కుందాం," అని ఏఈని పిలిపించారు.

ఫణికుమార్ గోడ మీద ఊరి పటం చూపిస్తూ వివరించాడు. ఊరికి ఒకటే ఓవర్‌హెడ్ ట్యాంకు. మగ్గాల వీధికి రెండింటి సరఫరా అయ్యాక ట్యాంకు మళ్ళీ నింపి ఆరింటికి ఆఫీసర్స్ కాలనీకి వదులుతారు. మగ్గాల వీధిని ఆరింటికి జరిపితే ఆఫీసర్స్ కాలనీని రెండింటికి జరపాలి. "అక్కడ అందరికీ ఆటోమేటిక్ మోటార్లు ఉన్నాయి సార్, ఎవరూ లేవక్కర్లేదు. కాకపోతే మోటారు చప్పుడు కొంచెం ఉంటుంది," అన్నాడు, అనకూడనిది అనేసి నాలుక కరుచుకుంటూ.

సారు చాలాసేపు పటం వైపు చూశారు. తన ఇల్లు ఎక్కడుందో వెతుక్కున్నారని నా అనుమానం.

"రాత్రి రెండు అంటే గాఢ నిద్రా దశ," అన్నారు చివరికి. "మగ్గాల వీధికి ప్రస్తుతం నిద్ర లేదు. ఆఫీసర్స్ కాలనీకి ఉంది. లేని నిద్ర కోసం ఉన్న నిద్రను చెడగొట్టడం మిషన్ స్ఫూర్తికి విరుద్ధం." నేను లేచి, చిత్తం సార్ అన్నాను. మెట్లు దిగుతూ ఎదురొచ్చిన అటెండర్‌కు కూడా నమస్కారం పెట్టాను.

అప్పటికి చౌడేశ్వరి ఫ్యాక్టరీలో కళ్ళ కింద జండూబామ్ రాసుకుని కుడుతోంది. ఇంకో సూది దిగలేదు గానీ ఒక రోజు చొక్కా కాలరు తిరగేసి కుట్టింది. సూపర్‌వైజర్ ఆఖరి మాట చెప్పాడు. దారిలో కనబడితే, "ఇంగెంత కాలం పడతాదన్నా టైము మార్చేకి?" అని అడిగింది. పరిశీలనలో ఉందమ్మా అన్నాను. ఆ మాట నా నోటికి దానంతటదే వస్తుంది.

ఈలోగా రాజధానిలో ఉత్తమ మునిసిపాలిటీ పురస్కారాలకు దరఖాస్తులు పిలిచారు. సుఖనిద్ర విభాగంలో పోటీకి ఒక్క వార్డయినా "నిద్రలేమి రహిత వార్డు"గా ప్రకటించి ఉండాలి. జబ్బు ఎక్కువున్న చోటే తగ్గితే గొప్ప కాబట్టి సారు మగ్గాల వీధినే ఎంచుకున్నారు. ప్రకటించాక ఆ వార్డు నుంచి నిద్రకు సంబంధించిన అర్జీలు తీసుకోనక్కర్లేదు, లేని సమస్యకు అర్జీ ఉండదు. సభ బుధవారం పెట్టారు. ఆదివారం పెడదామంటే సారుకు సెలవు.

మొదటి అర్జీదారు కాబట్టి చౌడేశ్వరి వచ్చి తీరాలన్నారు. ఆమె ససేమిరా అంది. "పని పోతాది సార్." మధ్యాహ్నానికల్లా కారులో ఫ్యాక్టరీ దగ్గర దింపుతామనీ, కంపెనీకి తానే మాట చెబుతాననీ సారు హామీ ఇచ్చారు. వచ్చింది. వీధిలో ఇంకో పాతికమంది ఆడవాళ్ళను కూడా తెచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు.

షామియానా బాగా వేశారు. పెద్ద పెద్ద కూలర్లు పెట్టారు. కుర్చీలకు మెత్తలు కూడా ఉన్నాయి. ఆ ఆడవాళ్ళు ఇన్నేళ్ళలో పట్టపగలు, నీడపట్టున, చల్లగాలిలో, చేతిలో పనిలేకుండా కూర్చున్నది అదే మొదటిసారి అయి ఉంటుంది. ప్రార్థన గీతం అయ్యేసరికి చౌడేశ్వరి తల పక్కకు వాలింది. స్వాగతోపన్యాసం సగంలో రెండు వరసలూ వాలిపోయాయి. ఒకామె సన్నగా గురక పెట్టింది.

నేను లేపడానికి కదిలాను. సారు వేదిక మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మైకు దగ్గరకు వచ్చి గుసగుసగా, "ఎవరూ లేపకండి. ఇదే మన మిషన్ సాధించిన విజయం," అన్నారు. అక్కడి నుంచి సభంతా గుసగుసల్లోనే నడిచింది. పెద్దలు గుసగుసగా అభినందించారు, జనం అరచేతులు తగలకుండా చప్పట్లు కొట్టారు, ఫోటోగ్రాఫర్ చెప్పులు విడిచి ఫోటోలు తీశాడు. శాలువాలు నిద్రలో ఉన్నవాళ్ళ మీదే కప్పారు. దానితో ఇంకా వెచ్చగా పడుకున్నారు. సభ అయ్యాక సారు అందరినీ మునివేళ్ళ మీద నడిపించి పంపేశారు, ఆమెను దింపాల్సిన కారులోనే విందుకు వెళ్ళిపోయారు. నేను ఆ వెనకే బాకీ పనికి ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది.

సాయంత్రం టెంట్‌హౌస్ వాళ్ళు కుర్చీల కోసం వచ్చి లేపితే గానీ వాళ్ళకు మెలకువ రాలేదు. చౌడేశ్వరి శాలువాతోనే ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. "షిఫ్టు పాయె సార్. మీటింగ్‌కు వచ్చినానని కంపినీకి ఒక మాట రాసియ్యండి సార్."

సారు చెప్పిన మాట తప్పేవారు కాదు. అక్కడికక్కడే చెప్పి రాయించారు. సదరు శ్రీమతి చౌడేశ్వరి పురపాలక సంఘం పర్యవేక్షణలో పట్టపగలు, పని వేళల్లో, ఎట్టి ఆటంకములకూ లోనుకాక గాఢముగా నిద్రించినారని ధ్రువీకరించడమైనది అని. "సార్, సభకు వచ్చిందని రాస్తే చాలు," అన్నాను. "వాస్తవాలు దాచడం నా సర్వీసులో లేదు తిరుపాలు గారూ," అని సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేయించి ఇచ్చారు.

ఆ కాగితం చూసి సూపర్‌వైజర్ తెగ సంతోషించాడట. "ఇన్నాళ్ళూ నువ్వు తూగుతాండావని చెప్పేకి నాకు సాచ్చెం లేదు. గవర్మెంటే సీలేసి ఇచ్చె," అని దాన్ని తన దగ్గరే పెట్టుకుని ఆమెను ఇంటికి పంపేశాడు.

ఆ మరుసటి సోమవారం ఆమె గ్రీవెన్స్‌కు వచ్చింది. ఈసారి ఊగడం లేదు. కళ్ళు తేటగా ఉన్నాయి. ఆ తేటదనం చూస్తే నాకు భయమేసింది.

"పడుతోందా తల్లీ?" అన్నారు సారు, ఆప్యాయంగా.

"పడతాంది సార్. రాత్రి నీళ్ళు పడతా. పొద్దున బస్సు లేదు గదా, పగలంతా నిద్ర పడతాది. పని తీసేసినారు."

"ఒత్తిడి కారకం తొలగింది," అని సారు నాకు చెప్పారు. "ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఎట్లాగూ రాత్రంతా మేలుకునే ఉంటా గదా సార్. ఆ తలుపులు తట్టే పనన్నా నాకియ్యండి. ఇద్దరు పిల్లోల్లుండారు."

సారుకు అది ఎంతో నచ్చింది. లబ్ధిదారే కార్యకర్త కావడం పురస్కారం వాళ్ళకు కూడా నచ్చుతుంది. పైగా ఆయనకు ఒక చిక్కు వచ్చి పడింది. తుది ఎంపికకు ఏ వార్డుకూ మినహాయింపు ఉండకూడదట. ఆఫీసర్స్ కాలనీలోనూ తనిఖీ జరగాలి. అధికారుల తలుపు తట్టమంటే ఆకుపచ్చ కోట్లన్నీ ఒక్కసారిగా జ్వరం సెలవు పెట్టాయి. మస్తాన్‌వలి బదిలీ అయినా సరే పోనన్నాడు.

"నేను తడతా సార్," అంది చౌడేశ్వరి. "పదికి ఒకసారి, రెండుకు ఒకసారి గదా. మా వీదిలో నీళ్ళు మా పెద్దోడు పడతాడులే. ఆ కాలనీలో పొద్దున ఆరుకు నీళ్ళొస్తాయంట గదా, డ్యూటీ దిగి పొయ్యేటప్పుడు ఆడే రెండు బిందెలు పట్టుకుని పోతా."

మరుసటి రోజు ఆమెకు ఆకుపచ్చ కోటు ఇచ్చాం. ఆమె డ్యూటీ శ్రద్ధగా చేసేదని కాలనీలో అందరూ ఒప్పుకుంటారు. బెల్లు కొట్టదు. తలుపు మీద చేత్తో కొడుతుంది, జవాబు వచ్చేదాకా కొడుతుంది. "సార్, నిద్రపోతాండారా?" అని అడుగుతుంది. "అవును" అంటే "మంచిది సార్, పండుకోండి" అని పక్కింటికి పోతుంది. పలకకపోతే సహకరించని గృహమని తెల్లారి నోటీసు అంటుతుంది, నోటీసు మీద కమిషనర్ సంతకం ఉంటుంది. మొదటి నోటీసు కమిషనర్ గారి తలుపుకే అంటింది. మరుసటి రాత్రి నుంచి ఆయన పలికారు. కాలనీలో మొదటి ఇల్లు ఆయనదే కావడంతో ఆ గొంతు విని మిగతా వాళ్ళు ముందే లేచి కూర్చునేవాళ్ళట.

మిషన్‌ను ఆపాలంటే ఉత్తర్వు ఇవ్వాలి, ఉత్తర్వు ఇస్తే పురస్కారం పోతుంది. నెల తిరిగేసరికి సారు కళ్ళ కింద నల్లటి గుంటలు పడ్డాయి. అర్జీలు వింటూ ముందుకు తూగేవారు. ఒకసారి ఇంటిపన్ను ఫైలు మీద తలకిందులుగా సంతకం పెట్టారు. ఊపిరి లెక్కపెట్టుకున్నారు, జాజికాయ వేసుకున్నారు, ఎడమవైపు తిరిగారు, బకెట్‌లో కాళ్ళు పెట్టుకున్నారు. అన్నీ చేశానని ఆయనే నాతో చెప్పారు.

ఆ మధ్యాహ్నం గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆయన ఎర్రబడిన కళ్ళెత్తి, "ఏం చెప్పమంటారు తిరుపాలు గారూ, రాత్రిళ్ళు పట్టడం లేదు. పదింటి నుంచి భయం. రెండింటికి లేచి కూర్చుంటున్నాను," అన్నారు.

నేను నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగాను.

"ఏం సార్, నీళ్ళా?"